రొయ్యల బండిలో మల్లారి

హుస్సేన్ సాహెబ్‌కు మూతి పక్కకు లాగేసిందని తెలిసి, గుడి కమిటీ పెద్ద జయరామయ్య పొద్దున్నే వాళ్ళింటికి వచ్చాడు. తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రం వైపున్న పల్లెలో వాళ్ళ గుడి. అక్కడ రథోత్సవానికి నాదస్వరం హుస్సేన్ సాహెబ్‌దే. అంతకుముందు ఆయన తండ్రిది. గుడి గోడకు సున్నం ఎవరు వేయాలన్నది ఏటా తగవే కానీ, రథం ముందు ఎవరు ఊదాలన్నది ఎప్పుడూ ప్రశ్న కాలేదు.

జయరామయ్య మంచం పక్కన కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆరోగ్యం గురించే మాట్లాడాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"సాయిబూ, ఏమీ అనుకోబాక. ఉత్సవం దగ్గర పడింది. నువ్వు ఊదలేవంటే ఇంకోళ్ళను మాట్లాడుకోవాల గదా."

హుస్సేన్ సాహెబ్ ఏదో చెప్పబోయాడు. కుడి పెదవి కదలక మాట సగంలో జారిపోయింది. మూతి మామూలయ్యేసరికి నెలలు పడతాయని, అప్పటిదాకా సన్నాయి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పి ఉన్నాడు.

"మేం వాయిస్తాం పెద్దాయనా. నేనూ, మా అన్నా," అంది తలుపు దగ్గర నిలబడిన కూతురు షమా.

జయరామయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "సాయంత్రం పూజకు నువ్వు వాయిస్తుంటే విన్నాలేమ్మా. కూర్చోని వాయించేది వేరు. రథం ముందర నడస్తా ఊదాల. ఎండ. వీధులన్నీ తిరగాల. పైగా తహీరు రొయ్యల బండి తోలుకుంటా ఉండాడు. వాడు సన్నాయి పట్టుకొని ఎన్నాళ్ళయింది?"

"సరే, చూడండి మరి. నా పరువు కూడా ఉండాది ఇందులో," అని ఆయన లేచాడు.

షమా ఊళ్ళోని ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. పిల్లల పేపర్లు కూడా నడుస్తూనే దిద్దుతుంది. ఆ రోజు జయరామయ్య వెళ్ళినప్పటి నుంచి ఆమె కాలు నేల మీద నిలవలేదు. తండ్రి దగ్గర చిన్నప్పటి నుంచి నేర్చుకుంది, నిజమే. కానీ నాదస్వరం ఒక్కరితో నిండదు. పక్కన రెండో సన్నాయి ఉండాలి. ఆ రెండో మనిషి నాయుడుపేటలో అద్దె గదిలో ఉంటున్నాడు. పెళ్ళిళ్ళకు డీజే బాక్సులు వచ్చి మేళాలు తగ్గాక తహీర్ వ్యాను నడిపే పనిలో చేరాడు. చెరువుల దగ్గర రొయ్యలు ఎక్కించుకుని ఫ్యాక్టరీలో దించి రావడమే అతని బతుకు.

ఆమె అన్నకు ఫోన్ చేసింది. "నువ్వు ఈడికి రాలేవు, నేను ఆడికి రాలేను. కాబట్టి రోజూ ఏం సాధన చేసినానో రాసి ఫొటో తీసి పంపిస్తా. నువ్వు కూడా రాసి పంపు. ఎవురు యాడున్నారో తెలిస్తే ఇద్దరం ఒకచోటికి రావచ్చు."

"రాస్తాలే," అన్నాడు తహీర్.

మంచం మీద నుంచి తండ్రి వంకర మూతితో గొణిగాడు. "సాధకం చేసేదా, రాసేదా?"

షమా పట్టించుకోలేదు. కొత్త నోటుబుక్కు తీసి ఆ రోజే మొదలుపెట్టింది. "గంభీరనాట రాగం స్వరాలు. పై షడ్జం దగ్గర గాలి చాలలా. మల్లారి రెండో కాలంలో ఉరికినాను. డోలు ప్రసాదన్న నవ్వినాడు." మల్లారి అంటే స్వామి గుడి దాటి వీధిలోకి వచ్చేటప్పుడు వాయించేది. పాట కాదు, సాహిత్యం ఉండదు. ఒకే వరసను మొదటి కాలంలో నిదానంగా, రెండో కాలంలో దానికి రెట్టింపు వేగంతో, మూడో కాలంలో ఇంకా వేగంగా వాయిస్తూ పోవాలి. రథోత్సవంలో అందరి చెవీ దాని మీదే ఉంటుంది.

మొదట్లో తహీర్ దగ్గర నుంచీ ఏదో ఒకటి వచ్చేది. "కొంచెం వాయించినా." తర్వాత, "సన్నాయి పీక తడిపి పెట్టినా." ఆ తర్వాత రాత పోయి బొటనవేలి బొమ్మ వచ్చింది. చివరికి అదీ ఆగిపోయింది.

షమా రాత మాత్రం రోజురోజుకూ పెరిగింది. అటు నుంచి ఏమీ రాకపోయేకొద్దీ ఆమె పేజీ నింపేది. క్లాసులో సుద్దముక్క పట్టుకుంటే వేళ్ళు వాటంతటవే సన్నాయి రంధ్రాలు మూసి తెరిచినట్టు కదిలేవి. ఒకరోజు బోర్డు మీద తేలికైన భిన్నం తప్పు చేస్తే పిల్లలే సరిదిద్దారు. ఇంటర్వెల్‌లో ఫోన్ చూసేది. అన్నం తింటూ ఫోన్ చూసేది. పళ్ళెం పట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరుగుతుంటే తల్లి మెహబూబున్నీసా విసుక్కుంది.

"కూచోని తినవే. చూసేవాళ్ళకు కళ్ళు తిరగతా ఉండాయి."

"అన్న ఏమీ పంపలా అమ్మా."

"అయితే పోయి అడుగు. ఈడ తిరిగితే ఏమొస్తది?"

ఆదివారం షమా బస్సెక్కింది. నాయుడుపేటలో దిగి, హైవే వెనక సందులో వరసగా ఉన్న గదుల దగ్గరకు వెళ్ళేసరికి తహీర్ లుంగీ ఎగ్గట్టి వ్యాను కడుగుతున్నాడు. చెల్లెల్ని చూసి పైపు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. ఆమె పలకరించకుండా నేరుగా గదిలోకి పోయింది. సన్నాయి బీరువా మీద, గుడ్డలో చుట్టి ఉంది. దాని మీద హెల్మెట్ పెట్టి ఉంది.

ఆమె దాన్ని దించి బయటికి తెచ్చింది. "ఇదా నువ్వు చేసే సాధన?"

"ఈడ ఊదితే అందరూ తలుపు కొడతారు. ఒకరోజు ఊదినా. పసిబిడ్డ ఉలిక్కిపడి లేసిందని మీదికొచ్చినారు."

"ఆ మాట రాసుంటే సరిపోయేది గదా!"

తహీర్ పైపు కింద పడేసి కుళాయి కట్టాడు. "నీ పేజీ చూస్తే నాకు చెయ్యి రాదు షమా. నువ్వు పై షడ్జంలో గాలి చాలలేదని రాస్తావు. నాకు కింద పంచమమే వణకతా ఉంది. ఇంక నీకు రాసేదానికి నా దగ్గర ఏముండాది? సాయంత్రం ఫోను మోగితే, బడిలో మార్కులు చదివేటప్పుడు బెంచీ కింద దూరాలనిపించేదే, అట్టుంటది నాకు."

తన తప్పులన్నీ తానే రాసుకుంటున్నాను గదా, ఇందులో గొప్ప ఏముందనుకుంది షమా ఇన్నాళ్ళూ. అటుపక్క మనిషికి ఆ తప్పులు కూడా అందనంత ఎత్తులో కనిపిస్తాయని ఆమెకు తట్టలేదు. అయినా కోపం తగ్గలేదు. వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. మళ్ళీ తిరిగింది.

"మరి నాయన? జయరామయ్య ముందర నేను మాటిచ్చినా."

"నన్ను అడిగి ఇచ్చినావా?"

"అడిగితే ఒప్పుకోవని తెలుసు."

ఆ మాటకు తహీర్‌కు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. అతను నవ్వడం చూసి ఆమె కొంచెం నిలకడగా ఊపిరి తీసుకుంది.

"సరే, ఇట్ట చేద్దాం. నా సాధన గురించి నేను రాయను. నువ్వు రాయి. నీది నేను రాస్తా. ఫోన్లో ఒకరిది ఒకరం విందాం. విన్నదే రాద్దాం," అంది.

"వినేదానికి ముందు ఊదాల గదా. చోటు యాడుంది?"

షమా వ్యాను వైపు చూసింది. వెనక పెట్టె మూడు పక్కలా మందంగా, లోపల ఐసు కరగకుండా కట్టినది. తలుపు తీసి తొంగిచూసింది. రొయ్యల వాసన ముక్కులు పగలగొట్టింది.

"లోపల కూచో," అంది.

"పిచ్చా నీకు?"

"తలుపు పూర్తిగా మూయబాక, ఊపిరాడదు. కొంచెం తెరిచి పెట్టు. ఎక్కు."

తహీర్ ప్లాస్టిక్ క్రేటు బోర్లించి కూర్చుని ఊదాడు. షమా సందు చివరిదాకా నడుచుకుంటూ పోయి విన్నది. ఏదో దూరపు ఊళ్ళో పెళ్ళి జరుగుతున్నట్టు వినిపించింది, అంతే. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తిరిగి వచ్చి పెట్టెలో అతనికి ఎదురుగా చతికిలబడింది. అతని వాయింపు అధ్వాన్నంగా ఉంది. పంచమం గొర్రెపిల్లలా అరిచింది. చెమట కారిపోతోంది. అయినా ఆపలేదు.

ఆమె అక్కడే నోటుబుక్కు తీసి రాసి చేతికిచ్చింది. "తహీరన్న. పంచమం నిలవలా. గాలి పొట్టలోంచి రావడం లేదు, బుగ్గల్లోంచి వస్తోంది. మధ్యమం మీద గమకం అచ్చం నాయనదే."

అతను రెండుసార్లు చదివాడు. "ఈ ఆఖరి మాట నిజమేనా?"

"అబద్ధం రాసేదానికి అయితే బస్సెక్కి రావాల్నా?"

అప్పటి నుంచి తహీర్ రొయ్యలు దించాక ఎక్కడ ఆగితే అక్కడ, పెట్టె కడిగి అందులో కూర్చునేవాడు. ఒకరోజు పెట్రోలు బంకు వెనక, ఒకరోజు చెరువు గట్టు మీద. షమా ఫోన్లో విని రాసేది. ఆమె వాయించినప్పుడు అతను రాసేవాడు. మొదటి రోజు "షమా బాగా వాయించింది" అని పంపాడు. ఆమె వెంటనే ఫోన్ చేసి, "బాగా అంటే ఏంది? ఏం విన్నావో రాయి" అని కసిరింది.

అతను వినడం మొదలుపెట్టాడు. ఆ రాత ఆమెకు అంత సుఖంగా లేదు. "ప్రతిసారీ ఒకే చోట ఊపిరి తీస్తావు. వినేవాళ్ళకు తెలిసిపోతుంది. మూడో కాలంలో రెండోసారి తిరిగేటప్పుడు నీకు గాలి అయిపోతుంది. అది కనపడకుండా ఉండేదానికి ఉరుకుతావు."

అది చదివి ఆమె ఆ పూట అన్నం సగంలో వదిలేసింది. తన తప్పులు తాను రాసుకున్నప్పుడు ఇంత మంట లేదు. ఫోన్లో తన వాయింపు రికార్డు చేసుకుని, అతను తప్పని చూపించడానికే విన్నది. అతను చెప్పిన చోటే ఉరుకుతోంది. మళ్ళీ రికార్డు చేసింది. మళ్ళీ అక్కడే. కసిగా సాధన చేసింది. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

రథోత్సవం నాడు హుస్సేన్ సాహెబ్‌ను గుడి వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. తహీర్ తెల్లారక ముందే బండితో సహా వచ్చాడు. అన్నాచెల్లెళ్ళు ఒకరి పక్కన ఒకరు నిలబడి వాయించడం ఈ సాధన మొదలయ్యాక ఇదే మొదటిసారి. ఫోన్లో కాకుండా పక్కనే ఆ సన్నాయి వినిపిస్తే షమా ఎత్తుకోవడమే ఉరకబోయింది. డోలు ప్రసాద్ "నిదానం తల్లీ" అన్నాడు. పగ్గాలు బిగిశాయి. రథం కదిలింది.

మొదటి కాలం బాగానే నడిచింది. రెండో కాలంలో వీధి మలుపు తిరిగారు. ఎదురుగా సముద్రపు గాలి. సన్నాయి పీక ఆరిపోతోంది. కాళ్ళ కింద ఇసుక కాలుతోంది. వెనక రథం వాళ్ళను తోసుకొస్తున్నట్టే ఉంది. మూడో కాలం ఎత్తుకున్నారు. రెండోసారి తిరిగే చోట షమాకు ఛాతీ ఖాళీ అయింది. ఉరకకూడదనుకుంది. ఉరకకపోతే తెగిపోతుంది.

తెగలేదు. అంతదాకా ఆమెకు కింది స్థాయిలో నడుస్తున్న తహీర్ సన్నాయి ఒక్క రెప్పపాటు ముందే పైకి లేచి ఆ వరసను అందుకుంది. ఆమె పీక నోట్లోంచి తీసి, నిండుగా గాలి పీల్చి, మళ్ళీ కలిసింది. జనంలో ఎవరికీ తెలియలేదు. ప్రసాద్ మాత్రం డోలు మీద ఒక దెబ్బ గట్టిగా వేసి తల ఊపాడు.

రథం గుడికి చేరాక తండ్రి దగ్గరకు వెళ్ళారు. ఆయన కుడి కన్ను నీరు కారుతోంది. మూతి పోయినప్పటి నుంచి ఆ కన్ను ఎప్పుడూ కారుతూనే ఉంటుంది కాబట్టి, అది ఏ నీరో వాళ్ళకు తెలియలేదు. ఆయన తహీర్ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

జయరామయ్య శాలువాలు తెచ్చాడు. "మీ నాయన నిదానం మీకు రాలా. ఇద్దరికీ పరుగెక్కువ. కానీ స్వామి యాడా ఆగలేదు, అది చాలు." వచ్చే ఏడు మాటేమిటని అడిగితే తహీర్ నేల చూశాడు. "బండి ఓనర్లు భీమవరం పక్కకు పొమ్మంటా ఉండారు. ఇంకా ఒప్పుకోలా."

షమా ఈ సంగతి అప్పుడే విన్నది. ఇంటికి పోయేటప్పుడు వ్యాను ముందు సీట్లో ఆమె కాలు ఆగకుండా కదులుతూనే ఉంది. మధ్యలో కూర్చున్న హుస్సేన్ సాహెబ్ ఆ మోకాలి మీద చెయ్యి వేశాడు.

"మల్లారి అయిపోయింది గదా," అన్నాడు, ఒక్కో అక్షరం జాగ్రత్తగా కూడబలుక్కుంటూ. "ఇంక ఏ రాగం పట్టుకుంటారు?"

"తోడి," అంది షమా.

"కళ్యాణి," అన్నాడు తహీర్, అదే క్షణంలో.

"ఫోన్లో కళ్యాణి విని ఏం రాస్తావు నువ్వు?"

"తోడి ఆ పెట్టెలో ఊదితే రొయ్యలు కూడా పారిపోతాయి."

రొయ్యల చెరువుల మధ్య రోడ్డు మీద బండి పోతూనే ఉంది. ఇల్లు వచ్చేదాకా ఆ గొడవ తెగలేదు.