రెండో గేరు

చివరి వరసలో ఉన్న కారు ఇంజను ఆన్ చేసి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, లోపలి వణుకు సర్దుకునేదాకా అతను అలాగే నిలబడ్డాడు. చల్లగా ఉన్నప్పుడు పాత ఇంజన్లు వయసు దాచుకోలేవు. దగ్గుతాయి, నీలిపొగ కక్కుతాయి, లోపల ఏదో విరిగినట్టు టకటకలాడతాయి. కాసేపు అలా వదిలేస్తే అన్నీ సర్దుకుని, చుట్టాలొచ్చినప్పటి పిల్లల్లా బుద్ధిగా ఉంటాయి. కొనేవాళ్ళు రాకముందే వాటన్నిటికీ ఆ బుద్ధి తెప్పించడం అతని పొద్దుటి పని.

పొగ తగ్గింది. ఇంజను ఆపి, వెనక పొగగొట్టం చివర అంటిన మసిని గుడ్డతో తుడిచాడు. తర్వాత నీళ్ళ గొట్టం తీసుకుని ముందు వరస కార్లు కడిగాడు. రేకుల షెడ్డు కింద రెండు వరసలు, బయట ఎండలో ఒక వరస. మధ్యలో యజమాని కూర్చునే అద్దాల గది. దాని నెత్తిమీద ‘నమ్మకమే మా పెట్టుబడి’ అని బోర్డు. ఆ బోర్డు కడగడం కూడా అతని పనే.

యాభై దాటిన మనిషి. పొట్టి. ఏళ్ళ తరబడి స్టీరింగు ముందు కూర్చోవడం వల్ల, నడుస్తున్నప్పుడు కూడా భుజాలు ముందుకు వంగి ఉంటాయి. చూడ్డానికి ఆ ఒంట్లో బాగున్నవి చేతులే. పొడుగాటి వేళ్ళు, మెత్తటి అరచేతులు. దుకాణంలో అతన్ని అందరూ వెన్నపూస అంటారు. అసలు పేరు జీతమిచ్చే రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఇక్కడికి రాకముందు అతను ఒక బడి బస్సు నడిపేవాడు. సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో చిన్న పిల్లలు కిటికీలకి తలలు ఆనించి నిద్రపోయేవాళ్ళు. ఆ తలలు అద్దానికి తగలకూడదని గేరు మార్చినట్టే తెలియకుండా మార్చడం, బ్రేకు వేసినట్టే తెలియకుండా వెయ్యడం నేర్చుకున్నాడు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ మెచ్చుకోలేదు. బస్సు పాతబడింది, బడివాళ్ళు కొత్తది కొన్నారు, దానితోపాటు కుర్ర డ్రైవర్నీ పెట్టుకున్నారు. ఆ చేతి పనితనాన్ని మొదటిసారి గుర్తించి ‘గొప్ప చెయ్యయ్యా నీది’ అన్నవాడు ఈ పాతకార్ల యజమానే.

కార్లు చూడ్డానికి వచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి తీసుకురావాలి. క్లచ్ అరిగిన కారు అతని కాలి కింద అరిగినట్టు తెలియదు. ఒక పక్కకి లాగే స్టీరింగు అతని చేతిలో తిన్నగా ఉంటుంది. దుకాణం గేటు దాటాక కుడివైపు వంతెన ఎక్కే ఎత్తు ఉంది. అతను ఎప్పుడూ ఎడమవైపే తిప్పుతాడు. మాట్లాడుతూ తిప్పుతాడు. ‘పిల్లలేం చదువుతున్నారు, ఇల్లు ఎక్కడ’ అని అడుగుతాడు. అడిగితే వాళ్ళు జవాబులు చెప్పుకుంటూ ఇంజను మాట మరచిపోతారు.

ఈ పొద్దున బయలుదేరుతుంటే భార్య గుమ్మంలో నిలబడి అడిగింది. “ఇవాళ మీ బావగారు మళ్ళీ మీ దుకాణానికి వస్తున్నారట. మీ అక్క ఫోన్ చేసింది. కారు బాగానే ఉందన్నారు కదా మీరు?”

“బాగానే ఉంది. ఏవో కాగితాల పని” అని చెప్పులు వేసుకున్నాడు.

ఆమె ఇంకేం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని దారంతా అనుకున్నాడు.

బావ దర్జీ. అతనికి బడి బస్సు ఉద్యోగం వచ్చినప్పుడు మొదటి యూనిఫాం కుట్టింది ఆయనే. ‘ఇంకా ఎదుగుతాడు’ అని ప్యాంటు అంచు మడతలో గుడ్డ ఎక్కువ వదిలి కుట్టాడు. అప్పటికే అతనికి పాతికేళ్ళు. అక్క పడీపడీ నవ్వింది. “ఎదిగే వయసా వాడిది?” అంటే, “పొట్టివాళ్ళు ఆలస్యంగా ఎదుగుతారు” అన్నాడు బావ, నోట్లో దారప్పోగుతో. ఆ మాట ఇంట్లో చాలా ఏళ్ళు నడిచింది.

ఇప్పుడు అక్క మోకాళ్ళు వంగవు. వారం వారం ఆసుపత్రికి వెళ్ళాలి. కిందికి ఉండే కార్లలో కూర్చోలేదు, లేవలేదు. అందుకని బావ ఒక ఎత్తు కారు కొనాలనుకుని, తిన్నగా బామ్మర్ది పనిచేసే చోటికే వచ్చాడు. “మావాడున్నాడు, ఇంకెక్కడికో పోవడమెందుకు?” అని దారిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పి మరీ వచ్చాడు.

ఆ రోజు యజమాని అతన్ని వెన్నపూస అనలేదు. “డ్రైవరుగారూ, మీ బావగారా? ముందే చెప్పొద్దా!” అని అద్దాల గదిలోకి పిలిచి కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. అన్నేళ్ళలో ఆ గదిలో అతను కూర్చోవడం అదే మొదలు. బావ కళ్ళల్లో మెరుపు చూశాడు. యజమాని చూపించిన ఎత్తు కారు రెండో గేరు మిట్ట ఎక్కేటప్పుడు ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేస్తుందని అతనికి తెలుసు. అరచేత్తో వెనక్కి లాగి పట్టుకుంటే తప్ప నిలవదని తెలుసు. బావని పక్కన కూర్చోబెట్టుకుని గేటు దాటాక ఒక్క క్షణం ఆగాడు. చేతిలో ఇంకా టీ గ్లాసు వెచ్చదనం ఉంది. ఎడమవైపు తిప్పాడు. అక్క మోకాళ్ళ గురించి అడుగుతూ, గేరు కర్ర మీద చెయ్యి తియ్యకుండా ఊరంతా తిప్పి తీసుకొచ్చాడు.

“నీ చేతిలో బండి వెన్నలా పోతోందిరా” అన్నాడు బావ.

ఒక టీకీ, ఒక ‘గారూ’కీ తను అమ్ముడుపోయానని అప్పుడు తెలియలేదు. కొన్నాళ్ళకి ఆదివారం అక్క ఇంటికి వెళ్ళినప్పుడు బావ గేరు సంగతి చెప్పాడు. అప్పుడు తెలిసింది. ఇద్దరూ కారులో కూర్చున్నారు. “వేశాక చెయ్యి తియ్యకండి బావా. ఇలా వెనక్కి లాగి పట్టుకోండి. అలవాటైపోతుంది” అని చూపించాడు.

“ఈ కిటుకు నీకెలా తెలుసురా?”

“పాత బళ్ళన్నీ ఇంతే.”

బావ అతని చెయ్యి వంక కాసేపు చూసి, ‘ఊఁ’ అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

దుకాణానికి మాత్రం వస్తూనే ఉన్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు యజమాని నవ్వుతూ ‘చూద్దాం’ అన్నాడు. మరోసారి, బాగు చేయించి ఇస్తానని చెప్పి, బండి రెండు రోజులు ఉంచుకుని, కడిగి తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత గది బయట ఎండలో కూర్చోబెట్టాడు. బావ వచ్చిన ప్రతిసారీ అతను వెనక వరసలోకి వెళ్ళి, అప్పటికే తుడిచిన అద్దాలు మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాడు.

ఎండ బాగా ఎక్కాక గేటు దగ్గర ఆ కారు చప్పుడు వినిపించింది. చూడనక్కర్లేదు, గేరు పడిన తీరే చెప్పింది. అతను గుడ్డ తీసుకుని వెనక్కి నడిచాడు. బావ కారుని అద్దాల గది పక్కనే ఆపి లోపలికి వెళ్ళాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెదరలేదు. ఎవరి ఇంటికో మర్యాదకి వెళ్ళేవాడిలా తయారై వచ్చాడు.

గది తలుపు తెరిచే ఉంది. మాటలు వినిపిస్తున్నాయి.

“ఏంటి పెద్దాయనా, మళ్ళీనా?” అన్నాడు యజమాని.

“నిన్న వంతెన ఎక్కుతుంటే గేరు ఊడిపోయింది బాబూ. బండి వెనక్కి జారింది. వెనక లారీ. మా ఆవిడ లోపలే ఉంది. లారీవాడు పుణ్యాత్ముడు, చూసుకుని ఆపాడు.”

“వాడకంలో వస్తాయండీ అలాంటివి. మీరు కొన్నప్పుడు లేదుగా?”

“లోపల పళ్ళు అరిగి చాలాకాలమైందంటున్నాడు మెకానిక్కు.”

“పని కావాలంటే మెకానిక్కు ఏదైనా అంటాడు. ఎవరో చెప్పిందెందుకు? నడిపింది మీ ఇంటి మనిషేగా. అడుగుదాం.” యజమాని వేలితో అద్దం మీద కొట్టాడు. “వెన్నపూసా! ఇలా రా.”

అతను తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“మీ బావగారిని తిప్పింది నువ్వే కదా. ఆ రోజు రెండో గేరులో ఏమన్నా తేడా ఉందా? ఉందని చెప్పు, ఈ క్షణమే బండి వెనక్కి తీసుకుని మొత్తం డబ్బు ఇచ్చేస్తా. చెప్పు మరి.” యజమాని నవ్వుతున్నాడు. కళ్ళు మాత్రం అతని మీద నుంచి కదల్లేదు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బావ కుర్చీలో సగం వెనక్కి తిరిగి అతని వంక చూశాడు. ఆ చూపులో ‘చెప్పరా’ అని లేదు. ‘వీణ్ణి ఎందుకు ఇందులోకి లాగానురా భగవంతుడా’ అన్నట్టుంది. అదే అతనికి భరించరానిదైంది.

“ఏం లేదు సార్” అన్నాడు. “బాగానే పడింది.”

ఆదివారం తను చెప్పిన కిటుకు గురించి బావ ఒక్క మాట అంటే చాలు, అంతా అక్కడే తేలిపోతుంది. అతను ఆ మాట కోసమే తల వంచుకుని ఎదురుచూశాడు. బావ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో నెమ్మదిగా తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“వాడు చెప్పాడంటే అంతే బాబూ” అన్నాడు. “నాదే తప్పయ్యుంటుంది. కుట్టుమిషను తొక్కిన కాళ్ళు కదా, క్లచ్చు ఎక్కడ తెలుస్తుంది!” అని తనే చిన్నగా నవ్వాడు. “ఎంత ఇస్తారో ఇచ్చి తీసేసుకోండి. నేనింక నడపలేను.”

యజమాని ఒక రేటు చెప్పాడు. అలాంటి రేటు విన్నవాళ్ళు గట్టిగా అరుస్తారు, కుర్చీలు తోస్తారు. బావ సరేనన్నాడు. సంతకం పెట్టి, తాళంచెవి బల్ల మీద పెట్టి లేచాడు. గుమ్మంలో అతన్ని దాటుతూ భుజం మీద చెయ్యి వేశాడు.

“పని చూసుకోరా. ఆయన చూస్తున్నాడు.”

ఆ చెయ్యి తేలిగ్గానే పడింది. దాని కింద అతను కుంగిపోయాడు.

బావ టాక్సీ పిలవడానికి గేటు వైపు వెళ్ళాడు. అప్పుడు కనిపించింది, కారు వెనక సీట్లో అక్క. కిటికీ అద్దం పూర్తిగా దించి ఉంది. అద్దాల గదికీ ఆ కిటికీకీ మధ్య మనిషి పట్టేంత ఖాళీ ఉంది, అంతే. అక్కడ ఆమె మొదటి నుంచీ కూర్చునే ఉంది.

కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

“తిన్నావా?” అంది అక్క.

“ఇంకా లేదు.”

“మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. ఎండలో టోపీ పెట్టుకోవచ్చుగా?”

“అక్కా...”

“మీ బావకి ఎప్పుడూ తొందరే. టాక్సీ వచ్చేలోగా దింపు నన్ను. నా కాళ్ళ దగ్గర పీట ఉంది చూడు, అది కింద వెయ్యి.”

పీట తీసి తలుపు కింద నేల మీద వేశాడు. అది కదలకుండా ఉందో లేదో చేత్తో నొక్కి చూశాడు. అక్క ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి అతని భుజం మీద వేసి, పీట మీద కాలు మోపి, ఊపిరి బిగబట్టి నేల మీదికి దిగింది. దిగాక కూడా అతని భుజం వెంటనే వదల్లేదు. అతనికి అక్క మొహం చూసే ధైర్యం లేక, ఆమె చెప్పుల వంకే చూశాడు.

టాక్సీ చిన్నది, సీటు బాగా కిందికి ఉంది. అక్క లోపలికి కూర్చోవడానికి మోకాళ్ళు వంచినప్పుడు పెదవి పంటితో నొక్కుకుంది. చప్పుడు బయటికి రానివ్వలేదు. బావ ముందు సీట్లో కూర్చుని తల బయటికి పెట్టాడు.

“ఆదివారం వస్తావుగా?”

అతను తల ఊపాడు. వస్తాననో రాననో తెలియని ఊపు. టాక్సీ గేటు దాటి కుడివైపు తిరిగింది. వంతెన మీదికి ఎక్కి, పైన కాసేపు కనిపించి, అవతలికి దిగిపోయింది.

“వెన్నపూసా! దాన్ని ముందు వరసలో పెట్టు” అన్నాడు యజమాని గదిలోంచి. “సాయంత్రం ఒకావిడ చూడ్డానికొస్తానంది. సీటు కవర్లు భలే కుట్టించాడయ్యా మీ బావ, కొత్తదానిలా ఉంది. అవలాగే ఉంచు.”

అతను కారెక్కాడు. లోపల అక్క రాసుకునే మోకాళ్ళ మందు వాసన. షెడ్డు చుట్టూ తిప్పి ముందు వరసకి తెచ్చేది చిన్న దూరమే. మొదటి గేరు, రెండో గేరు. మలుపు తిరుగుతూ చూసుకుంటే, తన అరచెయ్యి గేరు కర్రని మెత్తగా వెనక్కి లాగి పట్టుకుని ఉంది. పక్క సీట్లో ఎవరూ లేరు. చెయ్యి తీసేద్దామనుకున్నాడు. కారు ఆగేదాకా తియ్యలేకపోయాడు.

దిగి, అద్దం తుడవడానికి గుడ్డ కోసం వెనక్కి వచ్చాడు. అద్దాల గది పక్కన కారు ఇందాక నిలబడిన చోట, పొద్దున కడిగిన నేల దీర్ఘచతురస్రంగా ఇంకా తడిగా ఉంది. దాని అంచున, ఎండలో, ఆ పీట. పాత కుట్టుమిషను బల్ల చెక్క కోసి చేసింది. సూది కింద గుడ్డలు జారీ జారీ నున్నబడిన వైపే పైకి పెట్టి, కాలు జారకుండా దానిమీద ముతక గుడ్డ మెత్త బిగించి ఉంది. మెత్త చుట్టూ వేసిన కుట్టు ఎక్కడా వంకర పోలేదు, మూలల్లో రెండేసి సార్లు వేసి ఉంది, మధ్యలో అక్క చెప్పు అచ్చు సగమే పడింది.