గేదె వీపు తేలేదాకా

నది నడుమ ఒక బండ ఉంది. నీళ్ళలో పడుకున్న గేదెలా కనిపిస్తుంది కాబట్టి అందరూ గేదె బండ అంటారు. వరద తీసి ఆ గేదె వీపు మొత్తం తేలేదాకా ఎవరూ పడవ దించకూడదని చేపలు పట్టేవాళ్ళ కట్టుబాటు. ఇప్పటికి తేలింది ముక్కు మాత్రమే. ఆ ముక్కునే సాకుగా పట్టుకుని చిన్నకోడలి బావగారు, అంటే ఆమె మొగుడి అన్న, ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేస్తున్నాడు.

వానలు మొదలైన దగ్గర్నుంచీ పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది. అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో ఎదురుబొదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూడలేక చస్తున్నారు. ముందు దిగితే చేప మనది, ఆగితే అవతలి ఒడ్డు వాళ్ళు ఊడ్చుకుపోగా మిగిలిన బురద మనదని బావగారి వాదన. తెడ్డు ఒకరు, వల ఒకరు పట్టాలి కనుక తమ్ముడు లేనిదే పడవ కదలదు. అందుకని సూటిపోటి మాటలతో పొడిచాడు. బిడ్డ పుట్టాక నీకు నీళ్ళంటే జ్వరం వస్తోందిరా, నీ పెళ్ళాం చీర కట్టుకుని ఇంట్లో కూర్చో అని నలుగురి ముందూ అనేశాడు. చివరికి ఆమె మొగుడు తలూపాడు. రేపు పొద్దున దించుదామన్నాడు.

వద్దని ఆమె మొగుడికి చెప్పి చూసింది. అన్నతో రోజూ మాటలు పడలేనంటూ అతను గోడవైపు తిరిగాడు. అత్త దగ్గరికి పోతే, మగవాళ్ళ పనిలో వేలు పెట్టకని కసిరింది.

మధ్యాహ్నం అన్నదమ్ములు టీ కొట్టుకు వెళ్ళగానే ఆమె కూరలు తరిగే కత్తి తీసుకుంది. చూరుకు వేలాడుతున్న వల దించి, అడుగు తాడుకున్న సీసపు గుళ్ళన్నీ కోసేసింది. గుళ్ళు లేని వల పాత పేలికలా తేలుతుందే తప్ప మునగదు. కోసినవన్నీ పిల్లాడి మురికి గుడ్డల మూటలో కుక్కింది. ఆ ఇంట్లో ఆమె తప్ప ఇంకెవరూ ముట్టని వస్తువు అదొక్కటే.

పొద్దున బావగారు వల భుజాన వేసుకుంటే దూదిలా ఉంది. పక్కింటి పడవవాడికీ ఆయనకూ ఎప్పట్నుంచో పడదు. గుళ్ళు వాడే కోశాడనుకుని, ఇక ఆలోచించకుండా తెడ్డు పట్టుకుని వాడి గుమ్మం మీదికి పోయాడు. వాడూ తక్కువ తినలేదు, ఇనప గడ్డపారతో బయటికొచ్చాడు. చెప్పేద్దామని ఆమె గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

అప్పుడు అత్త లోపలికి వెళ్ళి, మురికి మూట తెచ్చి వీధి మెట్ల మీద గుమ్మరించింది. గుళ్ళు గలగలా దొర్లాయి.

“తెడ్డు దించరా. దొంగ మనింట్లోనే ఉంది,” అంది. “నిన్న సందెవేళ మూట కాలికి తగిలితే నా బొటనవేలు వాచింది. పసిగుడ్డు గుడ్డలు అంత బరువుంటాయా?”

అత్తకు నిన్నే తెలుసన్నమాట. ఆమె అత్త మొహంలోకి చూసింది. అత్త మొహం తిప్పుకుంది.

బావగారు వల తెచ్చి ఆమె కాళ్ళ ముందు పడేశాడు. “కోసిన చేత్తోనే కట్టు. ఇవాళే దిగుతాం,” అన్నాడు.

ఆమె అరుగు మీద కూర్చుని కట్టడం మొదలుపెట్టింది. ముడులు జారుతున్నాయి. బావగారు నెత్తిమీదే నిలబడి, ఇంకెంతసేపని నస పెడుతున్నాడు. ఇంతలో పిల్లాడు గుక్కపట్టాడు. వల పక్కకు నెట్టి పాలివ్వడానికి వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. బావగారు చప్పున అటు తిరిగి, కావాలనే ఆలస్యం చేస్తోందని తల్లితో అన్నాడు.

“అంత తొందరగా ఉంటే పాలు నువ్వియ్యి, అది గుళ్ళు కడుతుంది,” అంది అత్త.

పక్కింటివాడు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు భరించలేక బావగారు రేవుకు పోయి నిలబడ్డాడు. చాలాసేపు నీళ్ళకేసి చూశాడు. ఎర్రటి నీళ్ళు అంతకంతకూ ఉబ్బుతున్నాయి. గేదె ముక్కు ఎక్కడా లేదు.

తిరిగొచ్చి తెడ్డు మూలకు విసిరేశాడు. ఆ ఆడది ఇకమీదట నా వల ముట్టుకుంటే చేతులు విరుస్తానని తమ్ముడికి చెప్పి లోపలికి పోయాడు.

మొగుడు అప్పుడొచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. ఆమె కట్టిన ముడులన్నీ ఒక్కొక్కటే విప్పి, పళ్ళతో బిగించి మళ్ళీ కట్టసాగాడు.

“కంపు కొడుతున్నాయి,” అన్నాడు తలెత్తకుండా.

ఆమె ఇంకో గుండు అందించింది.