తలుపు తట్టని ఊరు

పోర్త్‌కారెన్ అనే ఆ రేవు ఊళ్ళో ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. గడియ ఎత్తి, "ఉన్నారా?" అని ఒక కేక వేసి, నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చి కూర్చుంటారు. పాస్టరు గారైనా అంతే, ఉత్తరాలు తెచ్చేవాడైనా అంతే. ఆ ఊళ్ళో తలుపు తట్టేది సముద్రంలో పోయినవాళ్ళు మాత్రమే. ఆ చప్పుడు వినబడితే ఇంటిల్లిపాదీ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోవాలి. చెంచా కంచానికి తగలకూడదు. బదులు రాకపోతే వచ్చినవాళ్ళు కాసేపుండి వెళ్ళిపోతారు. ఇది ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పరు. నడక వచ్చినట్టే పిల్లలకు ఇదీ వస్తుంది.

మిస్ హాలివెల్‌కు ఈ సంగతి తెలియదు. ఆ ఏడు సెప్టెంబరులోనే బర్మింగ్‌హామ్ నుంచి ఆ ఊరి బడికి టీచరుగా వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, వచ్చీ రాగానే ఏసు పుట్టిన రాత్రి కథతో క్రిస్మస్ నాటకం నెత్తికెత్తుకుంది. మనిషి మంచిదే, ఆ మాట చెప్పుకోవాలి. గొంతున్న పిల్లలకు పెద్ద వేషాలిచ్చి, బిడియస్తులను గొర్రెల మందలోకి తోసెయ్యడం ఆమెకు గిట్టదు. నోరు పెగలని పిల్లలకే నాటకం కావాలంటుంది. అందుకే ఆరేళ్ళ టెగెన్ పాస్కోకు సత్రం యజమానురాలి వేషం ఇచ్చింది.

"చాలా చిన్న వేషం, తల్లీ. జోసెఫ్ తలుపు తడతాడు. నువ్వు తీసి, 'ఇక్కడ చోటు లేదు. వెనక కొట్టంలో గడ్డి వేసి ఉంది, వెళ్ళి పడుకోండి' అంటావు. అంతే. అంటావు కదూ?"

టెగెన్ తల ఊపింది. అక్టోబరు నుంచి ఆ పిల్ల బడిలో తల ఊపడం తప్ప ఏమీ చెయ్యడం లేదు.

అక్టోబరులో వాళ్ళ నాన్న జోరీ పడవ తిరిగిరాలేదు. గాలివాన తగ్గిన రోజు సాయంకాలం అమ్మ మోర్వెనా, టెగెన్ ఎదురెదురుగా కూర్చుని చేపల పులుసు తింటుంటే తలుపు చప్పుడైంది. నెమ్మదిగా, మర్యాదగా, కొత్త ఇంటికి వచ్చిన చుట్టంలా ఎవరో తట్టారు. అమ్మ చెంచా గాలిలోనే ఆగిపోయింది. తర్వాత బయట ఎవరో దగ్గారు. పైపు తాగేవాళ్ళ దగ్గు అది, చివర ఒక చిన్న ఈలతో. ఆ దగ్గు టెగెన్ పుట్టినప్పటి నుంచి వింటోంది. "నాన్నా" అని నోరు తెరవబోయింది. అమ్మ చెయ్యి వచ్చి ఆ నోటి మీద పడింది. పళ్ళు పెదవికి గుచ్చుకుని రక్తం వచ్చినా ఆ చెయ్యి కదలలేదు. తెల్లారి గుమ్మం ముందు రాయి తడిగా ఉంది, దాని మీద ఉప్పు మరకలు కట్టాయి. అమ్మ దాన్ని కడిగేసింది.

ఆ రోజు గొంతులో ఆగిపోయిన మాట అక్కడే ఉండిపోయింది. ఏ మాట కోసం నోరు తెరిచినా ముందు అదే బయటికొస్తుందని టెగెన్ భయం. అందుకే నోరే తెరవడం మానేసింది.

నాటకం సాధన మొదలుపెట్టిన మొదటి రోజే టీచరుకు చుక్కలు కనబడ్డాయి. జోసెఫ్ వేషం డెంజిల్ ట్రెంబాత్‌ది. వాడు గడియ ఎత్తేసి, "ఉన్నారా?" అని సత్రంలోకి దర్జాగా నడిచి వచ్చేశాడు.

"తట్టాలి నాయనా! తలుపు తట్టి ఆగాలి!"

"తట్టడమేంటి మిస్? తడితే మా అవ్వ నా వేళ్ళు విరగ్గొడతాది."

సరే చూడమని టీచరే వెళ్ళి టకటకా తట్టి చూపించింది. గొర్రెలు, దేవదూతలు, ముగ్గురు జ్ఞానులు అందరూ ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మలైపోయారు. ఒక చిన్న గొర్రె నిలుచున్నచోటే తడిపేసుకుంది. పాపం, ఇంత పిరికి పిల్లలను నేనెక్కడా చూడలేదని మిస్ హాలివెల్ అనుకుంది.

ఆ సాయంకాలం డెంజిల్ వాళ్ళ అవ్వ బడికి వచ్చింది.

"ఆ తలుపు కొట్టుడు తీసెయ్యమ్మా. మిగతాదంతా నీ ఇష్టం."

"అవ్వా, తలుపు తట్టకపోతే కథ ఎలా నడుస్తుంది? మరియమ్మకు చోటు లేదనడం బైబిల్లోనే ఉంది కదా."

"చోటు లేదని ఉందిగానీ తట్టారని ఎక్కడుంది? వాళ్ళూ మాలాగే కేకేసి ఉంటారు."

టీచరు నవ్వి ఊరుకుంది. అవ్వ నవ్వలేదు.

నాటకం రోజు మధ్యాహ్నానికే ఆకాశం మసిబారింది. ప్రార్థన మందిరం పక్క హాల్లో ఊరంతా బెంచీల మీద ఒత్తుకుని కూర్చుంది. కుంకుమపువ్వు బన్నుల వాసన, తడి ఉన్ని కోట్ల వాసన కలిసిపోయాయి. వేదిక పక్కన గోడలో ఒక తలుపుంది, రేవు సందులోకి తెరుచుకుంటుంది. నిజం తలుపైతే రక్తి కడుతుందని మిస్ హాలివెల్ దాన్నే సత్రం తలుపు చేసింది. డెంజిల్, మరియమ్మ వేషం వేసిన రోజెన్ సందులో నిలబడి, పియానో ఆగగానే తట్టాలి.

పియానో ఆగింది. టెగెన్ నెత్తిన గిన్నెలు తుడిచే గుడ్డ, చేతిలో చీపురు. తలుపు తట్టిన చప్పుడైంది, నెమ్మదిగా, మర్యాదగా.

"బాగా తట్టాడు" అని టీచరు మురిసిపోతూ తల తిప్పింది. డెంజిల్ పియానో పక్కనే ఉన్నాడు. సందులో నిలబడాలంటే భయమేసి, రోజెన్ చెయ్యి పట్టుకుని ముందు గుమ్మం నుంచి లోపలికి వచ్చేశాడు. హాల్లో అందరూ వాడిని చూశారు. తర్వాత తలుపును చూశారు. ఒక్క బెంచీ కిర్రుమనలేదు. చంకలో పసిపిల్లలు కూడా ఏడవలేదు. ఏమైందో తెలియకపోయినా మిస్ హాలివెల్ పియానో మీది నుంచి చేతులు తీసేసింది.

మళ్ళీ తట్టారు. ఆ వెంటనే దగ్గు, చివర చిన్న ఈల.

టెగెన్ చీపురు కింద పెట్టింది. ఈసారి నోటి మీద ఎవరి చెయ్యీ లేదు. మూడో వరసలో అమ్మ లేచి నిలబడి, "టెగెన్, వద్దే!" అన్నది, కానీ ఆ మాట గుసగుసకన్నా పైకి రాలేదు. టెగెన్ గడియ ఎత్తింది.

గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. నీలం ఉన్ని చొక్కా నుంచి నీళ్ళు కారుతున్నాయి. చేతులు చెరోపక్కకీ వేలాడుతున్నాయి. ముఖం నాన్నదే, కానీ ఎవరో గుర్తు తెచ్చుకుంటూ చేసినట్టుంది, కొన్ని సంగతులు మరిచిపోయినట్టుంది. అతని వెనక గాలి వీస్తున్నా జుట్టు కదలడం లేదు. టెగెన్‌కు భయం వేసింది, దానికన్నా ఎక్కువ జాలి వేసింది.

"ఇక్కడ చోటు లేదు" అంది. ఆ గొంతు వెనక బెంచీ దాకా వెళ్ళింది.

అతను కదలలేదు. "చాలా దూరం నుంచి వచ్చాను" అన్నాడు. అది జోసెఫ్ చెప్పాల్సిన మాటే. నీళ్ళ అడుగు నుంచి మాట్లాడినట్టు వచ్చింది.

"నాకు తెలుసు. ఆ రోజు కూడా నువ్వేనని తెలుసు. మాట్లాడదామనే అనుకున్నా." టెగెన్ కళ్ళు నిండాయి గానీ గొంతు తడబడలేదు. "కానీ లోపలంతా బతికున్నవాళ్ళే. నీకు చోటు లేదు. వెనక కొట్టంలో గడ్డి వేసి ఉంది. వెచ్చగా ఉంటుంది. వెళ్ళి పడుకో నాన్నా."

అతను ఆ మాటను చాలాసేపు విన్నట్టు నిలబడ్డాడు. తల ఒకసారి ఊపాడు. తర్వాత సందు వెంట నడిచి, సముద్రం వైపు కాకుండా, మందిరం వెనక సమాధుల వైపు తిరిగాడు. టెగెన్ తలుపు మూసి గడియ వేసి హాలు వైపు తిరిగింది.

"డెంజిలూ, ఇంకా అక్కడే గుడ్లప్పగించి చూస్తావేంట్రా? మరియమ్మని తీసుకురా. మీకూ కొట్టంలోనే చోటు."

వాడు బుద్ధిగా వచ్చాడు. ఒక గొర్రె మే అంది. మిగతావీ అందుకున్నాయి. సాధనలో ఒక్కనాడూ నోరు విప్పని దేవదూతలు ఆ రోజు కప్పు ఎగిరిపోయేలా పాడారు. ఊరు ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. మిస్ హాలివెల్ మాత్రం గుమ్మం దగ్గర మడుగు కట్టిన నీళ్ళను చూస్తూ పియానో మూత వెయ్యడం కూడా మరిచిపోయింది.

ఇంటికి వెళ్తుంటే మోర్వెనా కూతురి చెయ్యి వదలలేదు. చివరికి అడిగింది.

"నామీద కోపంగా ఉన్నాడా?"

"లేదమ్మా. అలిసిపోయాడంతే."

మోర్వెనా నడిరోడ్డు మీద కూలబడి, అక్టోబరు నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. టెగెన్ పక్కన నిలబడి ఆమె తల నిమిరింది.

కొత్త సంవత్సరం వచ్చాక ఒక మధ్యాహ్నం ట్రెంబాత్ అవ్వ గడియ ఎత్తి, "ఉన్నారా?" అని లోపలికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిన్నట్నించి మా తలుపు చప్పుడవుతోందే మోర్వెనా. మా ఆయనే. పెళ్ళయిన రెండేళ్ళకే సముద్రంలో పోయాడు. అప్పట్నించి వచ్చినప్పుడల్లా నోరు మూసుకుని కూర్చుంటున్నా. ఇంక నావల్ల కాదు. పిల్లని ఒకసారి పంపవూ?"

"అది పసిపిల్ల అవ్వా! దానికేం తెలుసు?"

టెగెన్ అప్పటికే బూట్లు తొడుక్కుంటోంది.

"తాత పేరేంటవ్వా?" అని అడిగింది. "పేరు పెట్టి పిలవకుండా పొమ్మంటే బాగోదు."