అమ్మ రంగులు ఏ డ్రైవ్‌లో?

మా అమ్మ కరీమున్నీసాకి దారం నంబర్లు పట్టవు. కంపెనీవాడు రీలు మీద ఏ నంబరు వేసినా ఆవిడ తన పేరు పెట్టుకోవాల్సిందే. చేపలా మెరిసే తెలుపు చందువా పొలుసు. మట్టి రంగు పెన్నా కొత్తనీళ్లు. వరిచేను బంగారు రంగు పండిన మొలగొలుకులు. మా నాయన దరియావలి చనిపోయాక ఒక నీలానికి 'మీ నాయన లుంగీ' అని పెట్టింది.

కోవూరులో మా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు నడిచేది ఈ పేర్ల మీదే. పేరు, పక్కన రీలు నంబరు, అంతా సాఫ్ట్‌వేర్‌లో ఒక పట్టికగా పెట్టుకుంది. విడవలూరు నుంచి పెళ్లికూతురు వచ్చి, "మా అక్క జాకెట్టుకు కుట్టినారే, ఆ చందువా పొలుసే కావాల" అంటే అమ్మ పట్టిక చూసి రీలు తీస్తుంది. పట్టిక లేకపోతే ఆవిడకు చేతులు కట్టేసినట్టే. షెల్ఫులో తెలుపులే ఒక అరంతా ఉన్నాయి మరి.

అలాంటి కంప్యూటర్ ఒకరోజు పొద్దున్నే కటకటమని చప్పుడు మొదలుపెట్టింది. మా ఆవిడ షాహిస్తా నెల్లూరులో కంప్యూటర్ కోర్సు చదివింది. పెట్టెకు చెవి ఆనించి, "హార్డ్ డిస్క్ పోయేట్టుండాది. పోకముందే అంతా ఇంకోదాంట్లోకి ఎత్తిపెట్టాల" అంది.

ఆ ఇంకోటి నా పాత డిస్క్. అందులో అంతా పట్టదు. కంప్యూటర్ డిస్క్‌ని ఇంట్లో గదుల్లా విడగొట్టి ఉంచారు. సీ డ్రైవ్‌లో విండోస్, సాఫ్ట్‌వేర్‌లు. డీలో మా డిజైన్లు. ఎఫ్‌లో నా సినిమాలు, పాటలు, క్రికెట్ మ్యాచ్‌లు. ఇవి కాక పేరూ ఊరూ లేని చిన్న ముక్కలు రెండు. వీటిలో ఏవి తీసుకోవాలో, ఏవి వదలాలో తేల్చాలి.

"ఇందులో ఆలోచించేదేముండాది? డీ తీసుకో. మిగిలిన జాగాలో ఎఫ్ పెట్టు. సీ ఎందుకు? విండోస్ పోతే ఎవురైనా మళ్లా వేసిస్తారు" అన్నాను.

బజార్లో ఎవరినడిగినా అదే చెప్తారు. షాహిస్తా మాత్రం అమ్మ వైపు తిరిగింది. అదే నాకు ఒళ్లు మండే విషయం. మనం గొంతు చించుకుంటుంటే ఆ మనిషి తన పని తను చూసుకుంటుంది.

"అత్తమ్మా, ఒకసారి రండి. పట్టికలో కొత్త రంగొకటి చేర్చండి."

"ఏ రంగు?"

"ఏ రంగైనా సరే."

అమ్మ షెల్ఫు వైపు చూసింది, కోడలి వైపు చూసింది, ఒంటి వేలితో ఏదో కొట్టింది. నేను తొంగిచూడబోతే, "నీకెందుకురా, అవతలికి పో" అని కసిరింది. షాహిస్తా ఆ పేరు చూడనేలేదు. అమ్మ సేవ్ నొక్కగానే, ఈ నిమిషంలో మారిన ఫైలు ఏదని డిస్కంతా వెతికింది. దొరికింది. సీ డ్రైవ్‌లో, సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ అడుగున ఉంది.

"డిజైన్ ఫైల్లో సూది యాడ పోవాల్నో అంతే ఉంటాదండీ, రంగుండదు. అత్తమ్మ రంగులన్నీ ఈడుండాయి."

సీ వదిలేయమన్నది నేనే. నా మాట విని ఉంటే!

"అయితే ఆ ఒక్క ఫైలూ తీసుకుంటే పోలా?" అన్నాను, ఎఫ్ మీద ఆశ చావక.

"దాన్ని తెరిచేది ఈ సాఫ్ట్‌వేర్ ఒక్కటే. అమ్మినోళ్లు దుకాణం మూసేసినారు, మళ్లా యాడా దొరకదు. సీ మొత్తం రావాల్సిందే. ఆ పేర్లేని ముక్కలు గూడా. అవి లేకుంటే కంప్యూటర్ లేవనే లేవదు. డీ ఎట్టాగూ తప్పదు."

"మరి నా సినిమాలు?"

"మళ్లా దొరికేవి గదా అవి."

అంత తేలిగ్గా తేల్చేసింది. ఆవిడ సీ, డీలను నా పాత డిస్క్‌లోకి ఎత్తిపెడుతుంటే ఆ పూటంతా మూతి ముడుచుకుని తిరిగాను. ఒకరూ పట్టించుకోలేదు.

ఆ వారంలోనే డిస్క్ నిజంగా పోయింది. స్క్రీన్ నల్లబడింది. అమ్మ కుర్చీలోంచి లేవకుండా, "నా రంగులు?" అని మాత్రం అడిగింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. బండేసుకుని పెన్నా వంతెన దాటి నెల్లూరులో కొత్త డిస్క్ కొనుక్కొచ్చాను. షాహిస్తా దాన్ని బిగించి, ఎత్తిపెట్టినదంతా అందులోకి దించింది. ఆ చేతుల్లో తొందర లేదు, బెదురు లేదు. ఇంతటి మనిషి మా ఇంటికొచ్చిందని గర్వపడ్డాను.

విండోస్ లేచింది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. పట్టిక వచ్చింది. అమ్మ స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కో పేరే చదువుకుంటూ పోయింది. చందువా పొలుసు. పెన్నా కొత్తనీళ్లు. మీ నాయన లుంగీ దగ్గర ఆగి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అంతా వచ్చిందో లేదోనని షాహిస్తా మౌస్ అందుకుని పట్టిక చివరికి పోయింది. అక్కడ ఒక ఆకుపచ్చ రంగు. పక్కన పేరు, 'షాహిస్తా గాజులు'.

మౌస్ మీద ఉన్న తన చేతిని, ఆ చేతికున్న గాజుల్ని మా ఆవిడ చూసుకుంది.

"ఇదెప్పుడు పెట్టినారత్తమ్మా?"

అమ్మ దారం రీలు మిషనుకు ఎక్కిస్తూ ఇటు తిరగకుండానే అంది.

"ఏ రంగైనా సరే అన్నావు గదా."