గ్రనడాలో నా గుండు

తిరుపతిలో గుండు ఎవరికీ వింత కాదు. బస్సులో పక్క సీటు గుమస్తాకైనా, పెళ్లి కుదిరిన పిల్లకైనా గుండు ఉంటే ఎవరూ రెండోసారి చూడరు. 1979లో స్పెయిన్ ప్రభుత్వం నాకు స్కాలర్‌షిప్ ఇచ్చి, గ్రనడా అనే ఊళ్లో స్పానిష్ నేర్చుకోమన్నప్పుడు నేనూ మొక్కు ప్రకారం కొండెక్కి కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చాను. ఆడపిల్లవు, మూడు కత్తెరలిస్తే చాలదా అని మా అమ్మ నాగరత్నమ్మ నసిగింది. నేను మొక్కింది మూడు కత్తెరలు కాదన్నాను. మొండితనంలో నాది మా నాయన పోలిక.

గ్రనడాలో బస నాకు స్పానిష్ నేర్పే సంస్థవాళ్లే చూపించారు. ఇంటామె రెమెదియోస్, అరవై దాటిన ఒంటరి మనిషి. నేను దిగిన రోజు చలికి తలకు గుడ్డ కట్టుకుని ఉన్నాను. ఆమె బుగ్గలు నిమిరి, ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, వేసిన కోడిగుడ్డు అట్టు పెట్టింది. తింటూ తింటూ గుడ్డ తీశాను. ఆమె మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. కంచం వదిలేసి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. పొద్దున్నే వచ్చి, జుట్టు పెరిగేదాకా ఇంట్లోనూ వీధిలోనూ తల కప్పుకోవాలనీ, లేకపోతే ఆదివారానికి గది ఖాళీ చెయ్యాలనీ చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. స్వామికిచ్చిన తలను దొంగసొత్తులా దాచుకోవాలా? కప్పనన్నాను. సంస్థవాళ్ల దగ్గర ఇంకో ఇల్లు లేదు. నాకిచ్చే డబ్బు హోటలుకు వారానికి కూడా చాలదు. ఆదివారంలోగా గది దొరక్కపోతే చదువు మానేసి ఇంటిదారి పట్టాల్సిందే. అయినా సరే అనుకుని గది వెతుక్కుంటూ ఊరి మీద పడ్డాను.

నేను గ్రనడా చూసింది అట్లా, కోపంలో. ఒక కొండ మీద పాత సుల్తానుల ఎర్రకోట, ఎదురు కొండ మీద సున్నం కొట్టిన ఇళ్లు, వాటి మధ్య గులకరాళ్లు పరిచిన సందులు. మెట్లెక్కీ దిగీ కాళ్లు పీకాయి. గది అద్దెకు అని రాసి ఉన్న ప్రతి ఇంటి తలుపూ తట్టాను. తలుపు తీసినవాళ్లు నా తల చూసి, గది ఇచ్చేశామన్నారు. పిల్లలు నవ్వారు. వాళ్ల నవ్వుకు నేనేం బాధపడలేదు. పెద్దవాళ్లే నవ్వలేదు. వీధి చివర ముసలాళ్లు ఆట ఆడుకుంటూ నేను రాగానే నోళ్లు మూసుకున్నారు. వాళ్లలో ఒకాయన లేచి లోపలికి పోయాడు. ఇంకో సందులో చిక్కుళ్లు ఒలుస్తున్న ముసలామె ఒకతె గబగబా వచ్చి, తన నల్ల శాలువా తీసి నా తలకు చుట్టి, ఎవరు చేశారు నీకిది అని అడిగింది. ఎవరూ చెయ్యలేదు, నేనే ఇచ్చానని శాలువా తిరిగి చేతిలో పెట్టాను. ఆమె నమ్మలేదు. ఊరు ఊరంతా పిచ్చిదనుకున్నాను.

శనివారం సాయంత్రానికి గది దొరకలేదు. వచ్చి పెట్టె సర్దుకుంటుంటే రెమెదియోస్ గుమ్మంలో నిలబడింది. నా తల మీకేం అపకారం చేసిందని అడిగేశాను. ఆమె వచ్చి నా మంచం మీద కూర్చుని చెప్పింది. ఆమె మాటలు ఇక్కడ మా చిత్తూరు యాసలోనే రాస్తాను. ఆమె పల్లెటూరి మనిషి, నాకొచ్చిన నాలుగు ముక్కల స్పానిష్‌లో ఆమె నాకట్లాగే వినబడేది.

వాళ్ల దేశంలో అంతర్యుద్ధం వచ్చినప్పుడు ఆమెది పెళ్లికాని వయసు. అన్న ఎదుటి పక్షంలో చేరాడని, ఊరిని పట్టుకున్నవాళ్లు ఆమెనూ అక్కనూ నడిబజారుకు ఈడ్చుకొచ్చి గుండు గీశారు. ఆముదం తాగించారు. బ్యాండు వాయిస్తూ వీధులన్నీ తిప్పారు. అక్క ఆ తర్వాత గడప దాటలేదు. ఆ ఇంట్లోనే పోయింది.

"నువ్వు కూసోని తింటా ఉంటే మా అక్క తింటా ఉన్నట్టే ఉండింది పాపా. నాకు ముద్ద దిగలేదు."

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆమె చెయ్యి పట్టుకుని మా కొండ సంగతి చెప్పాను. అక్కడ ఎవరూ ఎవర్నీ ఈడ్చుకురారని, జనమే వరసలో నిలబడి తలలు వంచుతారని, గోవిందలు కొడతారని, గుండుకు గంధం పూసుకుని నవ్వుతూ బయటికొస్తారని. ఆమె నోరు తెరుచుకుని విన్నది. మెల్లగా నా తల మీద చెయ్యి పెట్టి, మొలుస్తున్న వెంట్రుకలు తడిమింది.

"ఉండు. యాడికీ పోవద్దు. గుడ్డ గూడా కట్టుకోవద్దులే" అంది. నా తల నిమురుతూ, "పున్నెం సేసుకున్నోళ్లు మీరు. మీ ఊర్లో బలవంతంగా ఎవురికీ గొరగరు" అంది.

అవునని చెప్పబోయాను. అంతలో మా ఇంటి పెరడు గుర్తొచ్చింది.

మా నాయన మేనత్త ఆదిలక్ష్మమ్మ మా ఇంట్లోనే ఉండేది. పదహారేళ్లకే మొగుడు పోతే, ఏడ్చి మొత్తుకున్నా వినకుండా నలుగురు పట్టుకుని ఆమెకు గుండు చేయించారు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ, పెరట్లో మంగలి ముందు తల వంచుకుని కూర్చున్న ఆమెను నెలనెలా చూస్తూనే ఉన్నాను. చూసీ చూసీ అది నా కంటికి ఆనకుండా పోయింది. నేను స్పెయిన్‌కు బయలుదేరిన రోజు, ఆమె ఎదురొస్తే అపశకునమని వంటింట్లో ఉంచి తలుపు మూశారు. నా గుండుకు గడపలో హారతి పట్టారు.

వచ్చీరాని భాషలో ఇదంతా రెమెదియోస్‌కు చెప్పాను. చెబుతుంటే సిగ్గుతో ఏడుపొచ్చింది.

"ఆ తలుపు తియ్యమని నువ్వు సెప్పలేదా?" అని ఆమె అడిగింది.

"నాకు తోచలేదమ్మా."

ఆమె నా తల మీదినుంచి చెయ్యి తీసుకుంది.

"మా ఊర్లో గూడా ఎవురికీ తోచలేదు పాపా" అంది.