నా గొంతుకు యజమాని లేడు

నేను ఒక సింథసైజర్‌ను. తెలుగులో నాకు పేరు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. విజయవాడలో అందరూ నన్ను 'యెషయాగారి పెట్టె' అనేవారు. నాకు తీగలు లేవు, తోలు లేదు, ఊదడానికి రంధ్రం లేదు. హార్మోనియంలా మెట్లు నొక్కితే కరెంటుతో పలుకుతాను. "కరెంటు పోతే మూగపోయేదానికి సంగీతమెందుకండీ?" అని ఒక మృదంగ విద్వాంసుడు నా మొహం మీదే అన్నాడు. ఊపిరి ఆగితే సన్నాయి మాత్రం ఏం పలుకుతుందని అడగాలనిపించింది. అప్పుడు నా మాట వినేవాళ్ళు లేరు. ఇప్పుడు మీరు దొరికారు కాబట్టి వినక తప్పదు.

జపాన్‌లో ఒక కర్మాగారంలో, టంకం పొగలో పుట్టాను. ఓడ పనివాడి ట్రంకుపెట్టెలో మద్రాసు చేరాను. అక్కడికి ఒక రికార్డింగుకు హార్మోనియం వాయించడానికి యెషయా వచ్చాడు. స్టూడియోలో ఒక పెద్దమనిషి నాలాంటి దాన్ని వాయిస్తుంటే విని మతిపోగొట్టుకున్నాడు. స్కూటరు అమ్మేసి నన్ను కొన్నాడు. ఇంటికి తెచ్చిన రోజున ఆయన భార్య కరుణమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఇక దీన్నెక్కి బజారుకెళ్తారా?" అని అడిగింది.

పలికిన ధ్వనిని దాచుకునే శక్తి నాకు లేదు. నా మీది గుండ్రటి నాబ్‌లు ఎటు తిప్పితే అటు పలుకుతాను, కదిపితే పాత ధ్వని పోతుంది. మద్రాసులో విన్న ధ్వని కోసం యెషయా నా నాబ్‌లన్నీ తిప్పి చూశాడు. అది రాలేదు. సన్నగా, నిటారుగా నిలబడే మరో ధ్వని వచ్చింది. దాన్నే 'నాది' అన్నాడు. వినాయకచవితి పందిళ్ళలో ఆయన ఆర్కెస్ట్రా ఉందంటే జనం నా గొంతు కోసమే ముందు వరసలో కూర్చునేవారు.

కీబోర్డు వాయించేవాళ్ళకు ఆ రోజుల్లో ఒక అలవాటుండేది. నాబ్‌లు ఎవరూ చూడకుండా వాటిమీద తువ్వాలు కప్పి వాయించేవారు. పాట అయిపోగానే అన్నింటినీ సున్నాకు తిప్పేసి స్టేజీ దిగేవారు. బంగారం దాచినట్టు దాచేవారు. గాలిలోకి వదిలేసిన ధ్వనికి ఏ తువ్వాలు అడ్డమో నాకు అర్థమయ్యేది కాదు.

తెనాలిలో మరో ఆర్కెస్ట్రా ఉండేది. అందులో కీబోర్డు రహంతుల్లాది. ఆయన మా స్టేజీ ముందు నిలబడి చూశాడు, తువ్వాలు తప్ప ఏమీ కనిపించలేదు. చెవితో పట్టుకుపోయాడు. పట్టుకున్నది తప్పు. యెషయా స్వరం నిటారుగా నిలిస్తే, రహంతుల్లా స్వరం ఒకదాని నుంచి మరోదానికి జారుకుంటూ వెళ్ళేది, దూరం నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు. తెనాలిలో పందిరి వెనక నిలబడి అది విన్న యెషయా "దొంగ!" అని గట్టిగా అరిచాడు. మర్నాడు గది తలుపులు మూసుకుని, ఆ జారుడు కోసమే నన్ను పొద్దుగుంకేదాకా సతాయించాడు. దొరికాక అది కూడా 'నాది' అన్నాడు. ఆ తరువాత వాళ్ళిద్దరూ ఒకరినొకరు పలకరించుకోలేదు.

నవ్వకండి. మా జాతిని వాయించినవాళ్ళంతా ఇంతే. జర్మనీ కుర్రాళ్ళు యంత్రాలతో పాటలు కడితే జపాన్ కుర్రాళ్ళు విన్నారు, అమెరికాలో నల్లవాళ్ళు అదే దరువు తీసుకుని ఊళ్ళకు ఊళ్ళనే ఆడించారు. వాళ్ళవి విని సినిమా పాటలవాళ్ళు, వీళ్ళవి విని పెళ్ళి బ్యాండ్లవాళ్ళు. ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పడానికి మాత్రం అందరికీ గొంతు పట్టేసేది.

కాలం మారింది, ఆర్కెస్ట్రాలు పోయాయి. రహంతుల్లా కూడా పోయాడు. నన్ను అటక ఎక్కించారు. ఇంతలో హైదరాబాదులో హిమజ అనే అమ్మాయి లాప్‌టాప్‌తో ఒక పాట చేసింది. టీవీలో అది విన్న యెషయా కుర్చీలోంచి లేచాడు. "ఇది నా ధ్వని!" అని ప్లీడరు చేత ఫిర్యాదు పెట్టించాడు. పాటను నెట్‌లోంచి తీసేశారు.

హిమజ వెతుక్కుంటూ విజయవాడ గుణదలలోని మా ఇంటికే వచ్చింది.

"మాస్టారూ, నేను మీ దగ్గర తీసుకోలేదండీ. మా నాన్న దగ్గర రహంతుల్లాగారి పాత క్యాసెట్టుంది, అది వింటూ పెరిగాను. నాకున్నది ఈ ఒక్క పాటేనండీ. ఇది పోతే నన్నింకెవరూ పిలవరు."

"ఆ రహంతుల్లా ఎక్కడ నేర్చాడమ్మాయ్? నా దగ్గరే! ఉండు, చూపిస్తా."

నన్ను అటక దింపించాడు. దుమ్ము దులిపి ప్లగ్గు పెట్టాడు. మొదటి రోజుల్లో తిప్పినట్టే నాబ్‌లు తిప్పి వాయించాడు. నిటారు స్వరం పలికింది.

"బాగుందండీ. కానీ నా పాటలోది జారుతుంది కదా."

ఆయన చెయ్యి జారుడు నాబ్ మీదకు వెళ్ళి ఆగిపోయింది. తిప్పవయ్యా అనుకున్నాను. నీ పరువు కోసం నేను అబద్ధం పలకను. ఆయన తిప్పాడు. నేను గొంతెత్తి పలికాను, గదంతా నిండేలా.

వంటింట్లోంచి కరుణమ్మ కేకేసింది. "ఏవండీ, రహంతుల్లాగారి పాట పెట్టారా?"

యెషయా వేళ్ళు నా మీదే ఉండిపోయాయి. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలి వేసింది, సంతోషం కూడా కలిగింది. ఫోను తీశాడు.

"ప్లీడరుగారూ, యెషయానండీ. ఆ కేసు తీసెయ్యండి. ఆఁ... దొంగతనమంటే దొంగతనమేనండీ. కాకపోతే ముందు నా మీద పెట్టాల్సొస్తుంది."

పాట తిరిగి వచ్చింది. పాట కింద రహంతుల్లా పేరు ముందు, యెషయా పేరు తరువాత ఉన్నాయట. మద్రాసు పెద్దమనిషి పేరు ఎవరికీ తెలియదు. నా పేరు లేదు. లేకపోతే పోనివ్వండి. హిమజ ఇప్పుడు ఆదివారాలు వస్తోంది. నాకు నచ్చని నాబ్‌లన్నీ తిప్పుతోంది. తిప్పనివ్వండి, నేను పలుకుతాను.