ఒక తల తక్కువ

చంకల కింద చేతులు వేసి, మోకాలు బస్సు మెట్టుకు ఆనించి, ఆండాళు పిల్లల్ని ఒక్కొక్కరినే పైకి ఎక్కిస్తూ ఉంది. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పని. ఏ బిడ్డ ఎంత బరువుంటుందో ఎత్తకముందే ఆమె నడుముకు తెలుస్తుంది. కారే ముక్కులు కొంగుతో తుడిచి, ఊడిన రిబ్బన్లు బిగించి లోపలికి పంపుతోంది. లోపలికి వెళ్లిన ప్రతి బిడ్డదీ ఒకటే అరుపు.

“గ్రేస్ ఆంటీ పక్కన నేను!”

గ్రేస్ జూన్‌లో చేరిన కొత్త ఆయా. జగ్గయ్యపేట వైపు పిల్ల, ఇరవై ఆరేళ్లు. కోదాడలోని ఆ చిన్న బడిలో నర్సరీ పిల్లలంతా ఐదు నెలల్లోనే ఆమె చుట్టూ ఈగల్లా మూగారు. ఆమె ఆంటీ అయింది. ఆండాళు ఆయమ్మగానే ఉండిపోయింది.

ఆ రోజు నలభై మంది పిల్లలకు కోటలు చూపించే ప్రయాణం. పొద్దున ఉండ్రుగొండ, తిరుగుదారిలో నడిగూడెం. ఆయాలకు చెరి ఇరవై మంది. అందరి మీదా ఉమ మేడం. డ్రైవరు వెనక సీట్లో, వాంతుల బకెట్టు కాళ్ల మధ్య పెట్టుకుని ఆండాళు కూర్చుంది. వెనక నుంచి గ్రేస్ పాట, పిల్లల చప్పట్లు. ఆండాళు తల తిప్పి చూడలేదు.

తిరుమలగిరి దగ్గర బోరు ఎండి పత్తిచేను మాడిపోయాక భర్త సత్యనారాయణతో కోదాడ చేరిన మనిషి ఆమె. పనిలోకి చంటిపిల్లను తేవద్దన్నారు. ఏడాదిన్నర కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఇక్కడ ఊరివాళ్ల బిడ్డలకు ముడ్లు కడిగింది, అన్నం కలిపి తినిపించింది. అక్కడ కూతురు అమ్మమ్మనే అమ్మా అంటూ పెరిగింది. పెళ్లయి పోయిన ఆ పిల్ల ఇప్పటికీ ఫోన్‌లో “బాగున్నరా?” అని అడుగుతుంది, దూరపు చుట్టాన్ని అడిగినట్టు.

ఆండాళుకు ఉన్నదల్లా జూన్ నెల. కొత్త పిల్లలు తల్లుల కోసం ఏడ్చి ఏడ్చి, చివరికి ఆమె మెడ పట్టుకుని నిద్రపోయే నెల. ఏడాది తిరిగేసరికి వాళ్లు ఆమెను మరిచిపోతారు. పోనీ, ఇంకో జూన్ వస్తుంది. ఈ జూన్‌లో మాత్రం వాళ్లు గ్రేస్ మెడ పట్టుకున్నారు.

ఉండ్రుగొండలో ఒక పిల్లకు కాల్లో ముల్లు దిగింది. ఆండాళు చతికిలబడి కాలు ఒళ్లోకి తీసుకోబోతే ఆ పిల్ల గుంజుకుంది. “గ్రేస్ ఆంటీ తీయాలె!”

ఉమ మేడం నవ్వింది. “నీ పోస్టు ఊడినట్టే ఆండాళమ్మా!”

ఆండాళూ నవ్వింది. మధ్యాహ్నం పులిహోర నాలుగు ముద్దలు కూడా దిగలేదు.

నడిగూడెం కోటలో నాలుగు కావస్తుండగా ఉమ మేడం విజిల్ ఊదింది. ఎత్తైన గోడల నీడ గడ్డి మీద పొడుగ్గా పడింది. పిల్లలు గేటు వైపు పరుగెత్తారు. గ్రేస్ వరుసలోని అలేఖ్య ఒక్కతే వెనక్కి తిరిగింది. పిల్లికూన వెంట పడి, విరిగిన గోడ అవతలికి నడిచింది. పోతూ పోతూ ఆండాళును చూసి చెయ్యి ఊపింది.

ఆండాళు చెయ్యి సగం లేచింది. పిలవడానికి నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. ‘చూసుకోనీ. అంత ముద్దుల ఆంటీ కదా, చూసుకోనీ.’

బస్సు దగ్గర ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారు, ఒకడు కక్కుకున్నాడు. ఆ గోలలో గ్రేస్ తలలు లెక్కపెట్టింది. “ఇరవై మందీ వచ్చేశారు మేడం.”

ఒక తల తక్కువని ఆండాళుకు తెలుసు. ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు చూస్తారు అనుకుంటూ కూర్చుంది. ఎవరూ అడగలేదు. బస్సు కదిలింది. కోట గేటు దాటింది, ఊళ్లోని కొట్లు దాటింది. ఆ గోడ అవతల ఏముందో తనకు తెలియదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గుంత ఉందో, బావి ఉందో.

“ఆపు! బస్సాపు! అలేఖ్య లేదు!”

బస్సు ఆగకముందే దిగబోయి మోకాలు కొట్టుకుంది. బస్సు తిప్పుకుని వెళ్లేసరికి పిల్ల గేటు దగ్గరే ఉంది, మట్టిలో కూర్చుని, గౌను తడుపుకుని, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి. గ్రేస్ చేతులు చాపింది. అలేఖ్య ఆమెను దాటుకుని వచ్చి ఆండాళు మెడ పట్టుకుంది.

గ్రేస్ తన చున్నీ తీసి తడిసిన పిల్లకు చుట్టింది. “మీరు చూడకపోతే ఏమయ్యేదో అక్కా. లెక్క తప్పాను నేను.”

దారంతా అలేఖ్య ఆండాళు ఒళ్లోనే. మునగాల దాటాక పిల్ల తల ఎత్తి, చెవి దగ్గర మెల్లగా అంది. “ఆయమ్మా, నేను నీకు టాటా చెప్పిన గదా. నువ్వు సూసినవ్ గదా.”

ఆండాళు చున్నీ అంచును పిల్ల భుజాల మీదికి లాగింది. పిల్ల ఆమె మెడ వదల్లేదు.

కోదాడ వచ్చేలోపే ఉమ మేడం ఫోన్‌లో బడి కరస్పాండెంటుతో మాట్లాడింది. బడి ముందు తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకువెళ్లాక గ్రేస్‌ను పిలిచింది. “రేపటి నుంచి రావొద్దన్నరమ్మా సార్.”

గ్రేస్ తల ఊపి, సంచి తీసుకుంది.

“మేడం,” అంది ఆండాళు. “ఆ పిల్ల తప్పు లేదు మేడం.”

“ఇంకెవరిది? నువ్వుండబట్టి ఇయ్యాల మన పరువు దక్కింది ఆండాళమ్మా. పో, ఇంటికి పోయి పండుకో.”

ఇంకొక్క మాట ఉంది. అది నాలుక మీదికి వచ్చింది. రేపు పొద్దున తన మెడ పట్టుకునే నలభై మంది కూడా దాంతోపాటే కళ్ల ముందుకు వచ్చారు. ఆండాళు చీపురు తీసుకుని బస్సెక్కింది.

కిటికీలోంచి చూస్తే గ్రేస్ బస్టాండు వైపు నడుస్తూ కనిపించింది, రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని. మలుపు దగ్గర జనంలో కలిసిపోయింది.

సీట్ల కింద పులిహోర మెతుకులు, బిస్కెట్ కాగితాలు. అన్నీ ఊడ్చుకుంటూ ఆండాళు తన సీటు దాకా వచ్చి ఆగింది. అలేఖ్య తల్లి బస్సెక్కి బిడ్డను ఎత్తుకుంటూ విప్పి పడేసిన ఆకుపచ్చ చున్నీ అక్కడ ఉంది, సగం తడిగా, మూల ముడిలో పిల్లల కోసం దాచిన రెండు నిమ్మబిళ్లలతో.